విరిగిన పెదవి, చెదరని గీతలు: కొత్తపట్నం ట్రాల్ వలలో దొరికిన లోతు నీటి గుల్లను గుర్తించిన తీరు

గుల్ల పొడవు 61 మిల్లీమీటర్లు, అతి వెడల్పైన చోట 18. అడుగున సైఫన్ కాలువ (నత్త నీటిని పీల్చే గొట్టం సాగే సన్నని గాడి) కొస విరిగింది కాబట్టి ప్రాణి బతికి ఉన్నప్పుడు ఇంకో మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎక్కువే ఉండాలి. రెండు కొసలా సన్నగా, నడుమ ఉబ్బుగా కదురులా ఉంది. చుట్లు పది. రంగు లేత పసుపు. చుట్టుకో పూసల వరుస, ఆ పూసలు మిగతా గుల్ల కంటే కాస్త తెల్లన. నోటి బయటి పెదవి చాలా మేర ఊడిపోయింది. మాంసం లేదు, మూత లేదు. గుర్తింపుకు నా చేతికి వచ్చిన సాక్ష్యం ఇంతే.

ఇది ప్రకాశం జిల్లా కొత్తపట్నం పల్లెపాలెం నుంచి వచ్చింది. ఒంగోలులో నేను జంతుశాస్త్రం చెప్పే కళాశాలలోనే డిగ్రీ చదువుతున్న అమ్మాయి తెచ్చింది. ఆమె మేనమామ ట్రాల్ బోటు మీద పని చేస్తాడు. వేట ముగించుకొని వచ్చి, ఒడ్డున వల పరిచి చిరుగులు కుట్టుకుంటుంటే, వల తోక మడతల్లో ఇరుక్కున్న ఈ గుల్ల కనిపించిందట. మామూలుగా ఇలాంటివి చెత్త చేపతో కలిసి కోళ్ల మేత గుట్టలోకి పోతాయి. మేనకోడలు జువాలజీ చదువుతోంది కదా అని ఆయన దీన్ని పక్కన పెట్టాడు. మన తీరంలో లోతు నీటి నత్తల గురించి ఒక్క ముక్క తెలిసినా అది ఇలాంటి మనుషుల శ్రద్ధ వల్లే తెలుస్తుంది.

దీన్ని ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. గుల్లలను గుర్తించడానికి విద్యార్థులకు దొరికే పట్టికలన్నీ నిండు గుల్లను ముందు పెట్టుకొని రాసినవి. "బయటి పెదవి పై అంచున నొక్కు ఉందా?" అని అడుగుతాయి. ట్రాల్ వలలో రాళ్లతో, పీతలతో, టన్ను చేపతో కలిసి దొర్లి వచ్చిన గుల్లకు పెదవే మిగలదు. అక్కడ విద్యార్థి ఆగిపోయి, బొమ్మల పుస్తకం తిప్పి, చూపుకు దగ్గరగా ఉన్న పేరు రాసేస్తాడు. ఈ గుల్ల మీద మొదట అతికించి వచ్చిన చీటీలో "ఫ్యూసినస్" అనే ప్రజాతి పేరు ఉంది. ఆకారం చూస్తే ఎవరైనా అదే అంటారు. కానీ పెదవి చెప్పాల్సిన మాటను గుల్ల ఒంటి మీద ఉన్న గీతలు ఇంకా చెబుతూనే ఉన్నాయి.

అంతకు ముందు చూసుకోవలసిన సంగతి ఒకటి. కొన్ని సముద్రపు నత్తలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లో చేర్చారు. కొమ్ముల కాసిస్ కార్న్యూటా, ట్రైటన్ శంఖం వంటివి అందులో ఉన్నాయి. వాటిని మ్యూజియం బీరువాలో పెట్టుకోవాలన్నా అనుమతి కావాలి. ఆ జాబితాలో ట్యూడిక్లా అనే నత్త ఉంది. తమిళనాడు తీరపు వలల్లో వచ్చే రకం, దానికీ అడుగున పొడవాటి కాలువ ఉంటుంది. అందుకే పొడుగు కాలువ ఉన్న ఏ గుల్ల వచ్చినా ముందు దాన్ని తోసిపుచ్చుకుంటాను. ట్యూడిక్లాకు నెత్తి దాదాపు చదునుగా ఉండి, కడపటి చుట్టు గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. మన గుల్లకు పైన పొడవాటి శిఖరం ఉంది. అనుమానానికి తావు లేదు.

లోతు మాట ఎంతవరకు నమ్మవచ్చు

లోతు నీటి నత్త అనాలంటే లోతు తెలియాలి. అమ్మాయి ఫోను కలిపి మేనమామకు ఇచ్చింది.

"ఏ లోతులో లాగారన్నా?"

"నూట నలభై బారలు సార్. మిషన్‌లో చూసే చెబుతున్నా."

"అదే వేటలో వేరే లోతుల్లో కూడా లాగారా?"

కాస్త ఆలోచించి, "ముందు రోజు అరవై బారల్లో లాగాం సార్. అక్కడ రొయ్య పడలేదని తూర్పుకు పోయాం" అన్నాడు.

ఒక బార సుమారు ఆరడుగులు. అంటే ఒక చోట దాదాపు 255 మీటర్లు, ఇంకో చోట 110. మొదటిది ఖండపు అంచు (ఒడ్డు నుంచి సముద్రంలోకి సాగే లోతు తక్కువ మెట్టు) దాటిన వాలు, రెండోది ఇంకా అంచు లోపలే. మన తూర్పు తీరంలో ఈ అంచు పడమటి తీరంతో పోలిస్తే ఇరుకు. అందుకే ఒకే వేటలో బోటు రెండు లోకాల్లోనూ వల వేయగలదు. వల ఒకటే కాబట్టి గుల్ల ఏ లాగుడులో చిక్కిందో ఆయన మాత్రం ఎలా చెప్పగలడు? ఒక్క విషయం మాత్రం నిక్కచ్చిగా తేలింది. అది వేట నిషేధం ముగిశాక తొలి రోజుల వేట. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా బోట్లు ఒడ్డునే ఉంటాయి, వలలన్నీ ఉతికి కుట్టి సిద్ధం చేసుకుంటారు. కాబట్టి ఇది పాత కాలం నాటి చెత్త కాదు, ఆ వేటలోదే.

ఇక సాక్ష్యం గుల్ల లోపలే వెతకాలి. సైఫన్ కాలువలో బూడిద రంగు బురద గట్టిపడి ఉంది. దాన్ని సూదితో విడదీసి, నీళ్లలో నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగి, మిగిలినదాన్ని స్టీరియో మైక్రోస్కోపు కింద పెట్టాను. ఒడ్డు ఇసుకలో మెరిసే క్వార్ట్జ్ రేణువులు దాదాపు లేవు. గుండ్రని గదులు గుత్తిగా అతుక్కున్న సూక్ష్మజీవుల గుల్లలు, గ్లోబిజెరీనా తరహావి, చుక్కలు చుక్కలుగా కనిపించాయి. ఇవి పైనీటిలో తేలుతూ బతికి, చచ్చాక అడుగుకు రాలే ఫోరామినిఫెరాలు. ఒడ్డు దగ్గరి బురదలో అడుగున పాకే రకాల పాలు ఎక్కువ. సముద్రం లోపలికి, లోతుకు పోయే కొద్దీ తేలే రకాల పాలు పెరుగుతుంది. చమురు అన్వేషకులూ, పురాజీవ శాస్త్రజ్ఞులూ పాత కాలపు సముద్రం లోతును అంచనా వేయడానికి వాడే కొలమానాల్లో ఇదొకటి. ఈ బురద కృష్ణా, పెన్నా నదుల ముఖద్వారాల దగ్గరి లోతు తక్కువ బురద కాదని అది చెప్పింది. 110 మీటర్లా, 255 మీటర్లా అన్నది మాత్రం చిటికెడు బురదతో తేలేది కాదు. కాబట్టి చీటీ మీద రెండు లోతులూ రాశాను.

లోతు విషయంలోనే ఇంకో ప్రశ్న ఉంది. నత్త చచ్చాక ఖాళీ గుల్లను సన్యాసి పీత ఎత్తుకుపోతుంది. పీత నడిచిన దూరం నత్త నివాసం కాదు. పీత కాపురం చేసిన గుల్లకు నోటి లోపలి అంచు, చుట్లన్నీ చుట్టుకొని ఉండే నడిమి స్తంభం అడుగు భాగం రాపిడికి నున్నబడి మెరుస్తాయి. తరచు నోటి లోపల గొట్టపు పురుగుల సున్నపు గూళ్లు ఉంటాయి. ఇక్కడ రెండూ లేవు. లోపలి గోడ తాజాగా, పింగాణీ నిగారింపుతో ఉంది. నత్త చచ్చి ఎక్కువ కాలం కాలేదు.

పెదవి లేని చోట గీతలు

అసలు పని ఇక్కడ మొదలైంది. కదురు ఆకారపు గుల్లలు ఒకదానికొకటి చుట్టం కాని అనేక కుటుంబాల్లో ఉన్నాయి. ఫ్యూసినస్ ఫాసియోలారిడే కుటుంబానిది. మన ఒడ్డు దగ్గరి వలల్లో విరివిగా పడే టర్రిక్యులా జవానా క్లావట్యులిడే కుటుంబానిది. టర్రిడే కుటుంబంలో అలాంటి ఆకారం అతి సామాన్యం. దూరం నుంచి మూడూ ఒకటే. వీటిలో చివరి రెండూ విషపు నత్తల పెద్ద బృందమైన కోనాయిడియాకు చెందినవి, కోన్ శంఖాలు ఉన్న బృందమే అది. ఫ్యూసినస్‌కు ఆ బృందంతో సంబంధం లేదు.

వీటిని విడదీసేది బయటి పెదవి మీది నొక్కు. టర్రిడ్ నత్త తన వ్యర్థాలనూ, వాడిన నీటినీ బయటికి వదిలే దారి అది. పెదవి అంచున లోతైన చీలికలా ఉంటుంది. నత్త పెరిగే కొద్దీ పెదవి ముందుకు జరుగుతుంది, దానితో పాటు నొక్కూ జరుగుతుంది. పాత నొక్కు సున్నంతో పూడిపోతుంది. కానీ పూడిన ప్రతిసారీ ఆ అంచు ఆకారం గుల్ల మీద ఒక సన్నని పెరుగుదల గీతగా మిగిలిపోతుంది. అంటే నిన్నటి పెదవి, మొన్నటి పెదవి, ఏడాది కిందటి పెదవి అన్నీ గుల్ల ఒంటి మీదే ఉన్నాయి. ఇవాళ్టి పెదవి వలలో విరిగినంత మాత్రాన పోయింది ఏమీ లేదు.

ఆ గీతలు నిలువు వెలుతురులో కనిపించవు. గది చీకటి చేసి, గుల్లను మట్టి ముద్ద మీద నిలిపి, ఫోను టార్చిని గుల్ల ఉపరితలానికి దాదాపు సమాంతరంగా పక్క నుంచి పట్టుకోవాలి. గుల్లను కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండాలి. ఒకానొక కోణంలో గీతలన్నీ ఒక్కసారిగా నీడలు వేసుకొని లేచి నిలబడతాయి. ఆ కోణంలో ఫొటో తీసి, పెద్దది చేసి, దాని మీద గీతల దారి గీసుకోవాలి. పెన్సిల్ పొడి రుద్దితే తొందరగా కనిపిస్తాయని కొందరు చేస్తారు. గరుకు గుల్ల మీద ఆ నలుపు మళ్లీ పూర్తిగా పోదు. మ్యూజియం గుల్ల మీద ఆ పని చేయవద్దు.

ఈ గుల్ల కడపటి చుట్టు మీద గీతల దారి ఇలా ఉంది. పై అతుకు (చుట్టూ చుట్టూ కలిసే చోటు) దగ్గర మొదలై, వాలు మీద వెనక్కి ఒరుగుతూ దిగాయి. సరిగ్గా పూసల వరుస ఉన్న గట్టు మీదికి వచ్చాక ఇరుకైన యూ ఆకారంలో మలుపు తిరిగి, గట్టు దాటగానే బలంగా ముందుకు దూసుకుపోయాయి. ప్రతి పూస వీపు మీదా ఆ మలుపు అడుగు భాగం సన్నని వంపు గీతలుగా కనిపించింది. నొక్కు ఉన్నది గట్టు మీదే.

ఇక్కడ కళ్లు మూసుకొని నమ్మకూడదు. పీతలు నత్తలను తినడానికి పెదవిని కొరికి విరుస్తాయి; తప్పించుకున్న నత్త మళ్లీ పెదవి కట్టుకుంటుంది. అలా మరమ్మతు చేసుకున్న చోట గీతలు వంకర పోతాయి, నొక్కు అసలు చోటు నుంచి కొద్దిగా పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. ఈ గుల్లకు కడపటి చుట్టుకు ముందరి చుట్టులో అలాంటి పాత గాయం ఉంది. రంపపు అంచులా విరిగిన గీత, దాని తరువాత రెండు మూడు పూసలు చిన్నవిగా, ఒత్తుగా ఉన్నాయి. ఆ మచ్చ దగ్గర మాత్రమే చూసి ఉంటే నొక్కు గట్టుకు పైన, వాలు మీద ఉందని అనిపించేది. అలా అనిపిస్తే కుటుంబమే మారిపోతుంది. అందుకే మచ్చకు దూరంగా, వేర్వేరు చుట్లలో మూడు చోట్ల గీతల దారి గీసి పోల్చాను. మూడింటిలోనూ నొక్కు గట్టు మీదే ఉంది.

తరువాత పక్కన పెట్టి చూడటం. మా బీరువాలోని ఫ్యూసినస్ మీద అదే టార్చి వేస్తే గీతలు ఎక్కడా మలుపు లేకుండా అతుకు నుంచి అడుగు దాకా దిగాయి. చీటీ మీది మొదటి పేరు అక్కడితో పోయింది. టర్రిక్యులా జవానా మీద మలుపు ఉంది, కానీ అది బొడిపెలు ఉన్న భుజానికి పైన, అతుకుకూ భుజానికీ మధ్య వాలులో ఉంది. లోతు నీటిలో కాక్లెస్పైరా అనే మరో అందమైన గుల్ల దొరుకుతుంది, దాని గట్టుకు కిరీటం ముళ్లుంటాయి. దాని నొక్కు కూడా వాలు మీదే. గట్టు మీద నొక్కు ఉండి, ఆ గట్టు పూసలు కట్టి, కాలువ పొడవుగా తిన్నగా ఉండి, నడిమి స్తంభం మీద మడతలు లేకుండా నున్నగా ఉన్న గుల్ల టర్రిడే కుటుంబానిది. కుటుంబం విషయంలో నాకు సందేహం లేదు.

పేరు ఎక్కడ ఆపాలి

టర్రిడేలో పూసల గట్టు ఉన్నవాటికి దాదాపు అలవాటుగా పెట్టే ప్రజాతి పేరు జెమ్ములా. 1875లో వైన్‌కాఫ్ పెట్టిన పేరది. మన తీరంలోనే దొరికే ఉనెడోజెమ్ములా ఇండికాకూ నొక్కు గట్టు మీదే ఉంటుంది. అయితే దాని గట్టు ఇంత స్పష్టంగా పూసలు కట్టదు, చారల మీద గోధుమ రంగు చుక్కలుంటాయి. ఈ గుల్ల మీద చుక్కలు లేవు. శిఖరం కొసన ఉండే పిల్ల గుల్లలో పై చుట్లు అరిగిపోయినా, కింది చుట్టు మీద సన్నని నిలువు పక్కెలు మైక్రోస్కోపులో తెలిశాయి. అనేక చుట్ల పిల్ల గుల్ల, దాని చివరి భాగంలో నిలువు పక్కెలు ఉండటం జెమ్ములాకు సరిపోతుంది. అలాంటి పిల్ల గుల్ల ఉన్న నత్త లార్వా దశలో చాలా కాలం నీటిలో తేలుతుంది, ప్రవాహాలతో దూరాలు పోతుంది. కాబట్టి "ఈ జాతి ఫిలిప్పీన్స్‌లో కదా దొరికేది" అన్న ఒక్క మాటతో ఏ పేరునూ తోసిపుచ్చలేం.

కానీ జెమ్ములా అన్న పేరును ఇప్పుడు జాగ్రత్తగా వాడాలి. 2011లో ఫిలిప్ బుషే, యూరి కాంటర్ తదితరులు కోనాయిడియా కుటుంబాల వర్గీకరణను డీఎన్‌ఏ ఆధారంగా తిరగరాశారు. ఆ తరువాతి పనిలో, పూసల గట్టు చూసి జెమ్ములాలో వేసినవన్నీ ఒకే వంశం వాళ్లు కారని తేలింది. ఎదురు దిశలో కూడా జరిగింది. క్రిప్టోజెమ్మా అనే లోతు నీటి ప్రజాతిలో, రెండు మహాసముద్రాల్లో వేర్వేరు పేర్లతో ఉన్న నత్తలను కలిపేయాలని 2020 నాటి డీఎన్‌ఏ అధ్యయనం చూపింది. గుల్ల రూపం ఒక్కోసారి చుట్టరికాన్ని దాస్తుంది, ఒక్కోసారి లేని తేడాలను చూపిస్తుంది. అందుకని ప్రజాతి స్థానంలో "జెమ్ములా, విస్తృతార్థంలో" అని రాయడమే న్యాయం.

జాతి మాటకొస్తే, రీవ్ 1843లో పేరు పెట్టిన జెమ్ములా స్పెసియోసాకు లేత ఒంటి మీద గట్లు స్పష్టమైన గోధుమ గీతలుగా కనిపిస్తాయి. ఇక్కడ గట్లకు వేరే రంగు లేదు. జెమ్ములా కీనెరి అనే జాతికి గోధుమ మచ్చలుంటాయి. ఇక్కడ అవీ లేవు. నాకు ఆసక్తి కలిగించినది మూడో పేరు. రాయల్ ఇండియన్ మెరీన్ సర్వే వారి ఇన్వెస్టిగేటర్ ఓడ బంగాళాఖాతంలో, అరేబియా సముద్రంలో అడుగు నుంచి తీసిన నత్తలను బ్రిటిష్ మ్యూజియానికి చెందిన ఎడ్గర్ ఆల్బర్ట్ స్మిత్ 1890లలో వర్ణించాడు. వాటిలో ప్లూరోటోమా కన్జీనర్ అని 1894లో పేరు పెట్టినది తరువాతి పుస్తకాల్లో జెమ్ములాలో చేరింది. ఎత్తైన సన్నని శిఖరం, మచ్చలు లేని లేత రంగు, బలమైన పూసలు. మన గుల్ల దానికి దగ్గరగా ఉంది. మన సముద్రం నుంచే తీసిన నమూనాల మీద కట్టిన పేరు కావడం కూడా దాన్ని ముందు చూడటానికి తగిన కారణమే. కానీ "దగ్గరగా ఉంది" అన్నది "అదే" అనడానికి చాలదు. కాలువ కొస విరిగింది, పిల్ల గుల్ల సగమే ఉంది, మాంసం లేదు. ఆదిమ నమూనా, అంటే ఆ పేరు పెట్టడానికి ఆధారమైన గుల్ల, పక్కన పెట్టి చూడలేదు.

జాతి పేరు దాకా సాగకపోతే ఏమిటి నష్టమని విద్యార్థులు అడుగుతారు. తప్పు పేరు వల్ల నష్టం ఎక్కువ. కోనాయిడియా నత్తల విషం జాతి జాతికీ మారుతుంది. కోనస్ మాగస్ అనే కోన్ నత్త విషంలోని ఒక పెప్టైడ్ నుంచి వచ్చిన జికోనోటైడ్ మందును తీవ్రమైన నొప్పికి వాడటానికి అమెరికాలో 2004లో అనుమతించారు. టర్రిడ్‌ల విషాల మీద పరిశోధకులు ఇప్పుడు అలాగే పని చేస్తున్నారు. మన బీరువాలో తప్పు చీటీతో ఉన్న గుల్లను ఎవరైనా నమ్మి, ఒంగోలు ఎదుట సముద్రంలో ఫలానా జాతి ఉందని పటంలో చుక్క పెడితే, ఆ చుక్కను చెరపడం ఎంత కష్టమో పాత రికార్డులతో తల పట్టుకున్నవారికి తెలుసు. పని చేసే బోటు మనుషులకు కూడా ఒక మాట చెప్పాను. కోన్ ఆకారపు నత్త ప్రాణంతో వలలో వస్తే ఒట్టి చేత్తో పట్టుకోవద్దని. కోనస్ జియోగ్రాఫస్ కాటుకు మనుషులు చనిపోయిన దాఖలాలు ఉన్నాయి.

శుభ్రం చేయడంలో చేసింది తక్కువే. మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు తీసి, మెత్తటి కుంచెతో తుడిచి, నీడన ఆరబెట్టాను. గుల్లలు అమ్మేవారు మెరుపు కోసం యాసిడ్‌లో ముంచుతారు. సున్నపు పదార్థం కాబట్టి పై పొర కరిగిపోతుంది, నేను ఇంతసేపు చెప్పిన గీతలన్నీ ఆ పొరలోనే ఉంటాయి. చెక్క బీరువాలోని ఆమ్లపు ఆవిరి కూడా ఏళ్ల తరబడి గుల్లలను తెల్లటి పొడిగా మారుస్తుంది. అందుకే దీన్ని మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో, కడిగి తీసిన బురదను చిన్న సీసాలో వేసి దానితో పాటే ఉంచాను.

చీటీ మీద ఉన్నది ఇది: టర్రిడే కుటుంబం. జెమ్ములా, విస్తృతార్థంలో. జెమ్ములా కన్జీనర్‌తో పోల్చదగినది. ఖాళీ గుల్ల, తాజా, పీత వాడిన ఆనవాళ్లు లేవు. బయటి పెదవి, కాలువ కొస విరిగాయి. గుర్తింపు పెరుగుదల గీతల ఆధారంగా. బంగాళాఖాతం, ప్రకాశం జిల్లా కొత్తపట్నం ఎదుట, రొయ్యల ట్రాల్. బోటు చెప్పిన లోతు 140 బారలు. అదే వేటలో 60 బారల్లోనూ వల లాగారు. తెచ్చినవారి పేర్లు, జీపీఎస్ గుర్తు రిజిస్టరులో.

మొదటి చీటీని తీసివేయలేదు. ఎవరు ఎప్పుడు ఏ పేరు అనుకున్నారో తరువాత వచ్చేవారికి తెలియాలి కాబట్టి దాన్ని కొత్త చీటీ వెనక మడిచి పెట్టాను. కొత్తపట్నం బోటుకు గట్టి మూత ఉన్న సీసాలలో ఆల్కహాల్ పోసి పంపాను. ఫార్మలిన్ వాడవద్దని, అది డీఎన్‌ఏను పాడుచేస్తుందని, గుల్లను కూడా తినేస్తుందని చెప్పాను. ఈసారి పూసల గట్టు నత్త ప్రాణంతో దొరికితే, మాంసం ముక్క సీసాలోకి, లోతు అంకె సీసా మీది కాగితంపైకి, లాగుడు ముగిసిన వెంటనే.